నిద్రలో కూడా వాటా ఉండాలి

పెళ్ళిచూపుల్లో అమ్మాయి టీచరని తెలియగానే అబ్బాయి తరఫువాళ్ళ మొహాలు ఎలా వెలిగిపోతాయో మీరూ చూసే ఉంటారు. "హాయైన ఉద్యోగం అండీ. తొమ్మిదికి వెళ్ళి నాలుగింటికి వచ్చేస్తుంది. సంక్రాంతి సెలవులు, దసరా సెలవులు, ఎండాకాలం సెలవులు. రేపు పిల్లలు పుడితే చూసుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి?" అంటారు. పెళ్ళిళ్ళ పేరయ్య దగ్గర్నుంచి మేనత్త దాకా అందరిదీ అదే మాట.

పెద్ద పిల్లలున్న తల్లి విషయంలో ఆ మాట కొంత నిజమేనేమో. ఏడాది నిండని బిడ్డ ఉన్న తల్లి విషయంలో మాత్రం అది శుద్ధ అబద్ధమని నా అభిప్రాయం. ఎందుకంటే పాఠం చెప్పడం నిద్రమొహంతో చెయ్యగలిగే పని కాదు. ఆఫీసులో కళ్ళు మూతలు పడుతుంటే కాగితాలు ఓ పక్కకి జరిపి, మొహం కడుక్కుని, టీ తాగి రావచ్చు. పాతికమంది చిన్నపిల్లల్ని ఏ పక్కకి జరుపుతాం? ఒకడు నీళ్ళంటాడు, ఒకడు బయటికంటాడు, ఇంకొకడు పక్కవాడు గిల్లాడంటాడు. వీళ్ళందరి మధ్యా నిలబడి, నవ్వు మొహంతో, గొంతెత్తి, ఆరేడు గంటలు గడపాలి.

నేను ఉద్యోగం చెయ్యలేదు. బీఏ తెలుగు చదివాను, పెళ్ళయింది, ఇల్లు చూసుకుంటున్నాను. మరి నీకెందుకమ్మా ఈ గోల అంటారేమో. మా తోటికోడలు టీచరు. కింద మేము, మేడ మీద వాళ్ళు, వంట మాత్రం ఒకచోటే. ఏడాదిగా కళ్ళారా చూస్తున్న సంగతి కాబట్టి చెబుతున్నాను.

తను మా ఊరికి 16 కిలోమీటర్ల దూరంలో ఒక పల్లెటూరి ప్రాథమిక పాఠశాలలో ఎస్జీటీ. విద్యాహక్కు చట్టం లెక్క ప్రకారం 60 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లు. కాగితం మీద చూస్తే బాగానే ఉంది, మనిషికి 30 మంది. కానీ తరగతులు అయిదు కదా! ఒకే గదిలో ఒకటో తరగతి చేత అ ఆలు దిద్దించాలి, అదే సమయంలో రెండో తరగతికి కూడికలు ఇవ్వాలి. ఇద్దరిలో ఒకరు ట్రైనింగుకో మీటింగుకో వెళ్ళారంటే అయిదు తరగతులూ రెండోవాళ్ళ నెత్తినే.

ఇది కాక పొద్దున్నే ఫోన్‌లో మొహం చూపించి హాజరు వేసుకోవాలి. పిల్లల హాజరు ఎక్కించాలి. మధ్యాహ్న భోజనం ఎంతమందికో చెప్పాలి, వండింది పిల్లలకంటే ముందు రుచి చూడాలి, గుడ్లు లెక్క చూసుకోవాలి, వరసలో కూర్చుని తింటున్నంతసేపూ దగ్గర నిలబడాలి. "నాలుగింటికి వచ్చేస్తుంది" అనేవాళ్ళకి ఇవేవీ కనబడవు.

ఇక రాత్రి సంగతి. బిడ్డకి ఆరో నెల వస్తుండగా ప్రసూతి సెలవు అయిపోయింది. సరిగ్గా అప్పుడే మా బుడ్డోడికి చిగుళ్ళు సలపడం మొదలైంది. తొమ్మిదింటికి పడుకున్నవాడు పదకొండుకోసారి, ఒంటిగంటకోసారి, మూడింటికోసారి లేచేవాడు. అయిదింటికి ఇక పూర్తిగా లేచి కూర్చుని ఆటలు. తను మంచం మీద ఉన్నది ఏడు గంటలే అయినా, నిద్రపోయింది నాలుగున్నర గంటలు. అదీ నాలుగు ముక్కలు.

మన భాషలో నిద్రకి ఎన్ని మాటలున్నాయో చూడండి. కునుకు, కోడికునుకు, మగత, మాగన్ను, కలత నిద్ర, గాఢ నిద్ర. ఇవన్నీ ఒకటి కావని మనవాళ్ళకి ఎప్పుడో తెలుసు. డాక్టర్లు చెప్పేదీ అదే. పెద్దవాళ్ళకి రోజుకి కనీసం 7 గంటల నిద్ర కావాలి. ఆ నిద్రలో దాదాపు 90 నిమిషాలకో చుట్టు తిరుగుతుంది, పైపై నిద్ర నుంచి గాఢ నిద్రలోకి, అక్కడినుంచి కలల్లోకి. మధ్యమధ్య లేపేస్తుంటే ఆ చుట్టు పూర్తి కాదు. కాబట్టి ముక్కలైన ఏడు గంటలు ఏడు గంటల నిద్ర కాదు. పేలికలన్నీ కలిపి కొలిస్తే అయిదున్నర మీటర్లు వచ్చాయని దాన్ని చీర అని కట్టుకోగలమా?

నిద్ర లేకపోతే టీచరుకి ముందు పోయేది తెలివి కాదు. ఎక్కాలు మర్చిపోదు, గుణింతాలు మర్చిపోదు. ముందు పోయేది ఓపిక.

ఒకరోజు సాయంత్రం తను బడినుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా వంటింటి గడపలో కూర్చుంది. "రెండో తరగతి పిల్లాడు పలక పగలగొట్టాడక్కా. అంతే. నాకు తెలీకుండానే చెయ్యి పైకి లేచిపోయింది. వాడు రెండు చేతులూ నెత్తిమీద పెట్టేసుకున్నాడు. అది చూసి ఆగిపోయాను. కొట్టలేదు. కానీ వాడు అలా తల దాచుకోవడం మర్చిపోలేకపోతున్నా" అంది. పిల్లల్ని కొట్టకూడదని విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్లో రాసి ఉంది. చట్టం సంగతి అలా ఉంచండి, తను అసలు కొట్టే మనిషి కాదు. బడిలో పిల్లలు సెలవు రోజున కూడా దారిలో కనిపిస్తే చెయ్యి పట్టుకుని వదలరు.

ఇది మా ఇంటి విషయం మాత్రమే కాదని అప్పుడు అనిపించింది నాకు. మా బుడ్డోడి పళ్ళకీ ఆ పిల్లాడికీ ఏం సంబంధం? వాడి తల్లి పొద్దున్నే తల దువ్వి, కూలికి వెళుతూ బడి దగ్గర దింపి వెళ్ళింది. మా ఇంట్లో రాత్రి ఎవరు లేచారు, ఎవరు లేవలేదు అనేదాని ఫలితం ఆ పిల్లాడి మీద పడబోయింది. ఏ ఇంట్లోనైనా టీచరు నిద్ర గురించి మాట్లాడేటప్పుడు ఆ ఇంటి లెక్కలో పాతికమంది పిల్లలు కూడా ఉన్నారని గుర్తుపెట్టుకోవాలి.

రెండో భయం స్కూటీ. తను వెళ్ళేది కాలువ గట్టు దారి. "మధ్యలో ఓ అర కిలోమీటరు ఎలా వచ్చానో గుర్తులేదక్కా" అని ఓసారి అంది. నా గుండె జారిపోయింది. 1997లో ఆస్ట్రేలియాలో పరిశోధకులు ఒక లెక్క తీశారు. 17 గంటలపాటు మెలకువగా ఉన్న మనిషి చెయ్యీ కన్నూ పనిచేసే తీరు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి స్థాయికి పడిపోతుందట. మన దేశంలో బండి నడిపేవాళ్ళకి చట్టం పెట్టిన హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతమే. రాత్రి సగం మెలకువగా గడిపి పొద్దున్న బండెక్కే తల్లి పరిస్థితి ఏమిటో ఆలోచించండి. తాగి నడిపేవాణ్ణి ఆపి గొట్టంలో ఊదమనే పోలీసు ఉన్నాడు. నిద్రలేక నడిపేదాన్ని ఆపే పోలీసు లేడు. ఆ పని ఇంట్లోవాళ్ళే చెయ్యాలి.

ఈ మాట ఎత్తగానే మన పెద్దవాళ్ళు అనే మాట ఒకటుంది. "మేం కనలేదా? మేం పెంచలేదా? అప్పుడు లేని నిద్రలు ఇప్పుడెక్కడినుంచి వచ్చాయి?"

పెంచారు, కాదనడం లేదు. కానీ ఎలా పెంచారో కూడా చెప్పుకోవాలి కదా. బాలింతని నెలల తరబడి పుట్టింట్లో ఉంచుకునేవాళ్ళు. రాత్రి నిద్ర లేకపోతే పగలు పడుకోమని చెప్పే తల్లో, అమ్మమ్మో ఉండేది. నా ఇద్దరు పిల్లల్నీ నేనూ అలాగే పెంచాను. రాత్రంతా జాగారం చేసినా, పొద్దున్న పదింటికి బిడ్డకి నలుగు పెట్టి స్నానం చేయించి ఉయ్యాల్లో వేస్తే, ఆ ఉయ్యాల కిందే చాప పరుచుకుని నేనూ రెండు గంటలు పడుకునేదాన్ని. కూర ఆలస్యమైతే ఆలస్యమయ్యేది. బట్టలు మర్నాటికి పడేవి. నాకెవరూ రిజిస్టర్లో ఆబ్సెంట్ వెయ్యలేదు. ఇంట్లో ఉండేవాళ్ళకి పని తక్కువని నేను అనను, అంటే నన్ను నేనే తిట్టుకున్నట్టు. కానీ పనివేళ కాస్త మన చేతిలో ఉంటుంది. తొమ్మిది గంటలకి బడిలో ఉండాల్సిన మనిషికి ఆ వెసులుబాటు లేదు. తేడా అంతా అక్కడే ఉంది. అప్పటివాళ్ళు గట్టివాళ్ళూ, ఇప్పటివాళ్ళు సుకుమారులూ అని కాదు.

ఇక్కడ నాకు ఊర్మిళ గుర్తొస్తుంది. మన తెలుగు ఆడవాళ్ళు పాడుకునే పాటల్లో ఊర్మిళాదేవి నిద్ర అని ఒక పాట ఉంది. లక్ష్మణుడు అడవిలో అన్నావదినలకి కాపలాగా పద్నాలుగేళ్ళు కన్ను మూయలేదనీ, అతని వాటా నిద్ర కూడా ఇక్కడ అయోధ్యలో ఊర్మిళ పోయిందనీ మన పెద్దవాళ్ళు కథ చెబుతారు. బద్ధకస్తురాలిని ఊర్మిళతో పోల్చి నవ్వుకోవడం కూడా మనకి అలవాటే. నాకు మాత్రం ఆ కథలో వేరే సంగతి నచ్చుతుంది. నిద్ర అనేది మొగుడూ పెళ్ళాల మధ్య ఒక లెక్క అనీ, ఒకరు మేలుకుంటే ఇంకొకరు పడుకోవచ్చనీ ఆ కథ కట్టినవాళ్ళకి తెలుసు. పైగా ఆ కథలో మేలుకున్నది మగవాడు. మరి మన ఇళ్ళల్లో లెక్క ఎప్పుడు తిరగబడిందో తెలియదు గానీ, రాత్రి బిడ్డ ఏడిస్తే లేవాల్సింది తల్లే, తండ్రికి "పొద్దున్న ఆఫీసుంది" అన్న మాట పుట్టుకొచ్చింది. తల్లికి బడి ఉన్నా సరే.

పలక సంగతి విన్న రాత్రి భోజనాల దగ్గర నేనే కదిపాను. "సగం రాత్రి నువ్వు చూడు నాయనా" అన్నాను మా మరిదితో.

"నాకూ ఆఫీసుంది కదా వదినా" అన్నాడు.

"తనకి బడి లేదా మరి? నువ్వు ఆఫీసులో ఆవలిస్తే కంప్యూటర్ ఏమీ అనుకోదు. తను ఆవలిస్తే పాతికమంది ఆవలిస్తారు" అన్నాను. వాడు నవ్వాడు గానీ ఒప్పుకోలేదు. అత్తయ్యగారికి అసలు నచ్చలేదు. "మగపిల్లాడు రాత్రిళ్ళు చంటిబిడ్డనెత్తుకుని తిరుగుతాడుటే? పాలెవరిస్తారు?" అన్నారు. పాల మాట నిజంగా ఆలోచించాల్సిన మాటే. అందుకని పిల్లల డాక్టరుగారిని అడిగాం. ఎనిమిదో నెల వచ్చింది, బరువు బాగున్నాడు, పగలు మెత్తటి అన్నం, పప్పుకట్టు తింటున్నాడు, రాత్రి ఒకసారి పిండి ఉంచిన తల్లిపాలు ఇవ్వచ్చు అన్నారాయన. అత్తయ్యగారే అటక మీంచి వెండి ఉగ్గుగిన్నె తీసి తోమి ఇచ్చారు. మనసులో ఏమనుకున్నారో గానీ గిన్నె మాత్రం తళతళలాడుతూ ఉంది.

మేం రాత్రిని ఇలా కోసుకున్నాం. తొమ్మిదిన్నర నుంచి రెండింటి వరకు మరిది. ఆ వేళల్లో తను మేడ దిగి కింద మా అమ్మాయి గదిలో తలుపు వేసుకుని పడుకుంటుంది. రెండు దాటాక తను పైకి వెళుతుంది. అయిదింటికి బుడ్డోడు ఆటకి లేస్తే ఏడింటి దాకా నాది. పగలు అత్తయ్యగారు, నేను. మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది, తన గదిలోకి పిన్నిని రానిచ్చినందుకు దానికీ ఈ వాటాలో భాగం ఉంది.

మొదటి నాలుగు రాత్రులూ ఇల్లు దద్దరిల్లింది. తండ్రి చెయ్యి తగిలితే వాడు ఇంకా గట్టిగా ఏడ్చేవాడు. తను కింద లేచి కూర్చుని మెట్లెక్కబోయేది. "వాడు వాళ్ళ నాన్న దగ్గరున్నాడు, పరాయివాళ్ళ దగ్గర కాదు. పడుకో" అని నేను కూర్చోబెట్టేదాన్ని. అయిదో రాత్రికి తండ్రీకొడుకులు ఇద్దరూ ఏదో ఒప్పందానికి వచ్చారు. భుజం మీద వేసుకుని వరండాలో నలభై చక్కర్లు కొడితే పడుకుంటాడని మా మరిది కనిపెట్టాడు. ఇప్పుడు ఆ సంగతి తనే అందరికీ గొప్పగా చెప్పుకుంటాడు.

దీనివల్ల తనకి దొరికింది నాలుగున్నర గంటల ఒంటి నిద్ర. మొత్తం కలిపితే ఆరు గంటలు. ఇప్పటికీ చాలదు. కానీ వారం తిరక్కుండానే మనిషిలో తేడా కనబడింది. జ్వరం వచ్చిన రాత్రులు, టీకా వేసిన రాత్రులు లెక్కలన్నీ తప్పుతాయి. తప్పినా మర్నాడు మళ్ళీ మొదలుపెడతాం. స్కూటీ మాత్రం మూడు నెలలు ముట్టుకోనివ్వలేదు. పొద్దున్న బస్సు, సాయంత్రం సర్వీసు ఆటో. బస్సులో ఇరవై నిమిషాలు కునుకు కూడా కలిసొచ్చింది.

బడిలో రోజు గడవడానికి తను చేసుకున్న ఏర్పాట్లు కూడా చెబుతాను, ఎవరికైనా పనికొస్తాయి. రేపటి పాఠం బోర్డు మీద ఈ రోజు సాయంత్రమే రాసి వస్తుంది. పొద్దున్న నిద్రమత్తులో ఆలోచించాల్సిన పని ఒకటి తగ్గుతుంది. కొత్త లెక్కలు, కొత్త పాఠం అన్నీ మధ్యాహ్నం లోపలే. భోజనం తర్వాత అందరికీ మత్తుగానే ఉంటుంది కాబట్టి ఎక్కాలు గుంపుగా చెప్పించడం, పిల్లల చేత చదివించడం, చూచిరాత, పాటలు, ఆటలు. కుర్చీలో కూర్చోదు, గదిలో తిరుగుతూనే ఉంటుంది. మధ్యాహ్నం అన్నం తక్కువ, పప్పూ గుడ్డూ ఎక్కువ. టీ పొద్దున్న ఇంటర్వెల్‌లో ఒకటి, భోజనం అయ్యాక ఒకటి, ఆ తర్వాత లేదు. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే అయిదు గంటల దాకా పడుతుందట. నాలుగింటికి టీ తాగితే, రాత్రి పడుకునే అవకాశం దొరికిన ఆ కాస్త సేపూ నిద్ర పట్టదు. మార్కులు ఎక్కించే పని మాత్రం బాగా నిద్రపోయిన రోజుకి వాయిదా. ఒంట్లో బాగాలేని రోజున పిల్లలకే చెప్పేస్తుంది. "ఇవాళ టీచరుకి తలనొప్పిగా ఉంది, మెల్లగా మాట్లాడుకోండర్రా" అంటుంది. చిన్నపిల్లలు మనం అనుకున్నంత మొండివాళ్ళేం కాదు, అడిగితే అర్థం చేసుకుంటారు.

అయితే ఈ చిట్కాలు ఒంటిగా దేనికీ చాలవు. రాత్రి సంగతి తేలకుండా పగటికి ఎన్ని చిట్కాలు చెప్పినా, అన్నం పెట్టకుండా తాంబూలం ఇచ్చినట్టే. "కాస్త టైం మేనేజ్‌మెంట్ నేర్చుకోమ్మా" అని టీచరమ్మలకి సలహాలిచ్చేవాళ్ళని చూస్తే అందుకే నాకు ఒళ్ళు మండుతుంది. ఆమెకి కావలసింది టైం టేబుల్ కాదు, రాత్రి ఆమె బదులు లేచే ఇంకో మనిషి.

బడిలో కూడా ఒక మనిషి కావాలి. తన అదృష్టం కొద్దీ ఆ బడిలో రెండో మాస్టారు మనవలున్న పెద్దాయన. "భోజనాల దగ్గర నేను నిలబడతాలేమ్మా, నువ్వో పదిహేను నిమిషాలు కుర్చీలో వెనక్కి వాలు" అన్నారట. తను మాత్రం వాలలేదు. ఎవరైనా ఫోటో తీస్తే? తరగతిలో కునుకు తీసిన టీచర్ల వీడియోలు ఫోన్లలో ఎలా తిరుగుతాయో మనందరికీ తెలుసు. పిల్లల్ని వదిలేసి తరగతిలో పడుకోవడం సరైన పనేనని నేను అనను. కానీ అలాంటి వీడియో చూసి నవ్వేముందు, ఆ మనిషి ఇంట్లో నెలల బిడ్డ ఉందేమో, ఎన్నాళ్ళుగా నిద్ర లేదో అన్న ఆలోచన మనకి రావాలి కదా. చివరికి తను ఆ పదిహేను నిమిషాలూ వరండాలో స్తంభానికి ఆనుకుని కళ్ళు మూసుకోకుండా కూర్చుంటుంది. అదే విశ్రాంతి.

ఇక సెలవుల లెక్క చూడండి. మన ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఉద్యోగినికి ప్రసూతి సెలవు 180 రోజులు. తండ్రికి 15 రోజులు. పిల్లల సంరక్షణకి వేరే సెలవు మొదట 60 రోజులు ఉండేది, 2022లో 180 చేశారు, మొత్తం సర్వీసు మీద విడతలుగా వాడుకోవాలి. వచ్చిన మేలు మేలే, కాదనకూడదు. కానీ 180కీ 15కీ ఉన్న తేడా చూస్తే ప్రభుత్వం కూడా మా అత్తయ్యగారిలాగే ఆలోచిస్తోందని తెలుస్తుంది. ప్రైవేటు ఉద్యోగం చేసే తండ్రికి ఆ 15 రోజులు ఇచ్చి తీరాలన్న చట్టం కూడా లేదు. మా మరిది బిడ్డ పుట్టినప్పుడు తీసుకున్నది నాలుగు రోజులు, అదీ తన సొంత సెలవుల్లోంచి.

ప్రైవేటు స్కూలు టీచర్ల సంగతి ఇంకా అన్యాయం. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి 12 వారాల సెలవుని 26 వారాలు చేశారు. సెలవు నుంచి తిరిగొచ్చాక బిడ్డకి 15 నెలలు నిండేవరకు పాలివ్వడానికి రోజుకి రెండుసార్లు విరామం ఇవ్వాలని కూడా ఆ చట్టం చెప్పింది. మా వీధి చివర ఉండే అమ్మాయి ఒక ప్రైవేటు స్కూల్లో చెబుతుంది. కాన్పయిన 45 రోజులకి మళ్ళీ తరగతిలో నిలబడింది. రాకపోతే వేరేవాళ్ళని పెట్టుకుంటామన్నారట. రాత్రి పదింటికి కూడా పిల్లల తల్లిదండ్రులు "మా వాడి హోంవర్క్ ఏంటి మేడమ్" అని వాట్సాప్‌లో అడుగుతుంటారు. అడిగేవాళ్ళలో సగం మంది తల్లులే. మనమే ఇంకో తల్లి నిద్ర చెడగొడుతున్నాం. డైరీలో రాసిన హోంవర్క్ పొద్దున్న చూసుకోలేమా?

"నీకేమమ్మా, ఉమ్మడి కుటుంబం. నలుగురు మనుషులున్నారు. మా ఇంట్లో ఉన్నది మేమిద్దరమే" అనేవాళ్ళు ఉంటారు. భార్య ఒక ఊళ్ళో, భర్త ఇంకో ఊళ్ళో పోస్టింగుతో ఉన్న టీచర్లు ఎంతమందో. అసలు ఏ తోడూ లేని తల్లులూ ఉన్నారు. తల్లి లేని ఇంట్లో బిడ్డని పెంచుతూ పాఠం చెప్పే తండ్రులూ ఉన్నారు. వాళ్ళకి నేను చెప్పగలిగింది ఒకటే. నిద్ర తగ్గించుకోకండి, పని తగ్గించుకోండి. దోసెల పిండి బజార్లో కొనండి. కూర కర్రీ పాయింట్ నుంచి తెచ్చుకోండి. ఇస్త్రీ లేని బట్టలు కట్టుకోండి. చుట్టాల పెళ్ళిళ్ళకి ఏడాదిపాటు రాలేమని చెప్పేయండి. ఆదివారం మధ్యాహ్నం నమ్మకమైన పొరుగావిడ రెండు గంటలు బిడ్డని చూస్తానంటే మొహమాటపడకండి, ఆ రెండు గంటలూ ఇల్లు సర్దకుండా పడుకోండి. సంరక్షణ సెలవు ఉంటే పిల్లల పరీక్షలకని దాచుకోకుండా ఇప్పుడే కొన్ని రోజులు వాడండి.

ఇంకో మాట. బిడ్డ పడుకున్నా తల్లికి నిద్ర పట్టకపోతే, ఊరికే ఏడుపొస్తుంటే, దేనిమీదా ఆసక్తి లేకపోతే అది అలసట ఒక్కటే కాకపోవచ్చు. కాన్పు తర్వాత వచ్చే దిగులు కూడా జబ్బే, దానికి మందుంది. డాక్టరుకి చెప్పాలి. ప్రభుత్వం వాళ్ళ టెలి మానస్ 14416 నంబరుకి డబ్బులు ఖర్చు లేకుండా ఏ వేళయినా ఫోన్ చెయ్యచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. "ఉద్యోగం, పిల్లాడూ ఉన్నాక అలాగే ఉంటుందిలే" అని సరిపెట్టుకోకండి, సరిపెట్టుకోనివ్వకండి.

ఆ మధ్య మా పెద్దాడపడుచు వచ్చి, రాత్రి పన్నెండింటికి తమ్ముడు వరండాలో బిడ్డనెత్తుకుని తిరగడం చూసి ముక్కున వేలేసుకుంది. "ఇదేం చోద్యమే అమ్మా, అది హాయిగా పడుకుని వీడు తిరగడమేంటి?" అంది. నేను సమాధానం చెప్పబోతుంటే అత్తయ్యగారే అందుకున్నారు. "అది హాయిగా పడుకోలేదే, పొద్దున్న పిల్లలకి పాఠం చెప్పడానికి పడుకుంది" అన్నారు.

ఇంతకంటే బాగా నేనూ చెప్పలేను. మీ ఇంట్లో నెలల బిడ్డ ఉన్న టీచరు ఉంటే, కోడలైనా, కూతురైనా, కొడుకైనా సరే, రేపు ఏ పాఠం చెబుతావని అడక్కపోయినా ఫరవాలేదు. ఈ రాత్రి ఎవరు లేస్తారో మాత్రం పడుకునేముందే తేల్చుకోండి.